పై స్థాయిలో గాలి

8 జనవరి 1995, ఆదివారం

నూలు సేఠ్ ఇచ్చిన డైరీ ఇది. పైన గుజరాతీ తిథులు, కింద గీతలు. లెక్కలు రాసుకోమన్నాడు. నాకు లెక్కలు రాసే ఓపిక లేదు. చూసిన సినిమాల గురించి, విన్న పాటల గురించి, చదివిన పుస్తకాల గురించి రాసుకుంటాను. మాట్లాడేది సిరిసిల్ల భాషే అయినా, రాసేటప్పుడు పుస్తకాల్లోలాగా రాయడం ఇంటర్ నుంచీ అలవాటు. ఎవరూ చదవరు కాబట్టి ఎవరూ నవ్వరు.

ఈ రోజు లింగమూర్తి వీడియో షాపు నుంచి ఒక పాత జానపదం తెచ్చాను. నలుపు తెలుపు. రాజకుమారుడు గుర్రం దిగకుండానే పావుగంట మాట్లాడతాడు, గుర్రం పాపం కదలదు. అయినా ఎంత హాయిగా ఉందో. ఒక్క అక్షరం పోదు. ఆ కాలపు నటులు కెమెరా వైపు తిరిగి, నోరారా మాట్లాడేవాళ్లు. ఇప్పటివాళ్లకు గడ్డాలెక్కువ, మాట తక్కువ. పైగా కొత్త డైరెక్టర్లకు ఒక రోగం పట్టుకుంది. మాట్లాడే మనిషిని వదిలేసి వినే మనిషి ముఖం చూపిస్తారు. ఎవడు ఏమంటున్నాడో తెలియక నా ప్రాణం పోతుంది. పాత సినిమా ఎందుకు గొప్పదని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క మాట చెబుతాను. సూరత్‌లో మేముండే ఈ పాండేసరలో సినిమా మీద గానీ పాట మీద గానీ తెలుగువాళ్లకు తగవు వస్తే నా దగ్గరికే వస్తారు. పాటల సోమలింగం అని ఊరికే అనరు.

టీవీ సౌండు తగ్గించమని స్వరాజ్యం చాలాసార్లు చెప్పిందట. చివరికి వచ్చి తనే తగ్గించి, నా ముఖం ముందు నిలబడి, "నీకు ఇనవడుతలేదు" అంది. పెళ్లాం మొగుణ్ణి అనే మాటల్లో ఇదీ ఒకటి. పట్టించుకుంటే బతకలేము.

14 జనవరి

ఉత్తరాయణ్. సూరత్ అంతా మిద్దెల మీదే ఉంది. ప్రతి మిద్దె మీదా పతంగులు, ప్రతి మిద్దె మీదా స్పీకరు. పక్క మిద్దె గుజరాతీవాళ్లు పొద్దంతా పాత హిందీ పాటలు పెట్టారు. ఎవడో కంపెనీవాడు ఆ పాటలను మళ్లీ రికార్డు చేసి, కింద డ్రమ్ములు నింపి, వేణువు తీసేశాడు. నాకు బాగా ఇష్టమైన పాటలో రెండో చరణానికి ముందు వేణువు ఒక్కటే ఉంటుంది. తర్వాత గొంతు అందుకుంటుంది. ఇప్పుడు అక్కడ ఖాళీ. ఖాళీ పెట్టి అమ్ముతున్నారు, జనం కొంటున్నారు.

వేణువు తీసేసిన్రు చూసినవా అని హారతిని అడిగాను. అది మాంజా చుట్టుకుంటూ, ఉంది కద బాపు, అంది. పదో తరగతి పిల్లకు పాత పాట ఏం తెలుస్తుంది.

17 జనవరి

టేప్ రికార్డర్ హెడ్డు స్పిరిట్ పెట్టి తుడిచాను. తేడా లేదు.

22 జనవరి, ఆదివారం

మా షెడ్డు గురించి ఇంతవరకు రాయలేదు. ఖటోదరాలో పాత షెడ్డు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాము. ఒక వరుస సాంచాలు నావి, పక్క వరుస కనకయ్యవి. పేక దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడులో గొంతు చించుకున్నా పక్కవాడికి చేరదు. అందుకే మాలో ఎవరూ గొంతు చించుకోరు. పెదవులు కదిపితే చాలు, అర్థమైపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కొన్ని నెలలు అరుస్తారు, తర్వాత వాళ్లకే వస్తుంది ఈ విద్య. నేను ఇరవై ఏళ్ల నుంచి ఇలాగే మాట్లాడుతున్నాను. కనకయ్య, నేను పొద్దంతా సినిమాలే మాట్లాడుకుంటాము. నిన్న హాస్యనటుల మీద తగవు పడ్డాము. అతనికి జారి కింద పడేవాళ్లు ఇష్టం. నాకు ఒక మాట అని ఊరుకునేవాళ్లు ఇష్టం. ఎవరూ గెలవకముందే నా సాంచా మీద పోగులు తెగాయి, పోవలసి వచ్చింది.

ఇంట్లోవాళ్లకే మాట్లాడటం రాదు. వంటగదిలోంచి, వీపు చూపిస్తూ మాట్లాడతారు. స్వరాజ్యానికీ ఆ కొత్త డైరెక్టర్ల రోగమే.

29 జనవరి, ఆదివారం

లింగమూర్తి షాపులో వెనక అరలో పాత నవలలు పడి ఉంటాయి. ఒక సైన్స్ నవల దొరికింది. అట్ట లేదు, రాసినాయన పేరున్న పేజీ కూడా లేదు. చంద్రుడి మీద తెలుగువాళ్లు ఊరు కట్టుకుంటారు. అక్కడ గాలి ఉండదు కాబట్టి బయటికి పోతే మాట వినబడదు. హీరో బయట పని చేస్తుంటే అతని వెనక ఏదో కూలబోతుంది. హీరోయిన్ అద్దాల గదిలో నిలబడి, పారిపో, పారిపో అని అరుస్తుంది. హీరో ఆమెను చూస్తాడు, చెయ్యి ఊపుతాడు, చనిపోతాడు. రచయిత ఆ ఘట్టానికి ఏడెనిమిది పేజీలు ఏడ్చాడు.

నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఎదురుగా నిలబడి పారిపో అంటుంటే పెదవులు చూసి తెలుసుకోలేనివాడు చంద్రుడి దాకా ఎందుకు పోవాలి? మా కనకయ్య అయితే బతికేవాడు. ఈ సైన్స్ నవలలవాళ్లకు నక్షత్రాలు తెలుసు గానీ పని చేసే మనుషులు తెలియదు. చంద్రుడి మీద దోసె ఎలా కాలుతుందన్నది మాత్రం బాగా రాశాడు.

5 ఫిబ్రవరి, ఆదివారం

ఈ రోజు మున్సిపల్ తెలుగు బడి ప్రసన్న టీచర్ ఇంటికి వచ్చింది. వరంగల్ అమ్మాయి, సంగీతం నేర్చుకుంది. హారతి గొంతు గురించి మాట్లాడాలని వచ్చింది. వడోదరాలో టీచర్‌కు పాఠం చెప్పిన గురువుగారు ఏటా ఒక్క పిల్లను ఇంట్లో పెట్టుకుని నేర్పుతారట. చదువు కూడా అక్కడే. హారతిని పంపితే బాగుంటుందని ఆమె ఉద్దేశం. ఉగాది రోజు మన తెలుగు సమాజంవాళ్ల సభలో పాడించి, ఆ తర్వాత పంపుదామంది. స్వరాజ్యం ముఖం చాటంత అయింది. నాకూ గర్వంగానే ఉంది, ఎందుకు అబద్ధం. అయితే నేను గొంతు వినకుండా ఒప్పుకునే మనిషిని కాను. నా కూతురైనా సరే.

పాడమన్నాను. హారతి గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని పాడింది. ప్రసన్న టీచర్ నేర్పిన పాట. మొదలు మంచిగా పోయింది, మాటలు స్పష్టంగా ఉన్నాయి. చరణం అయిపోయాక పైకి పోయే చోటు ఒకటి ఉంది, ఉత్త ఆలాపన. అక్కడ పిల్ల నోరు తెరిచింది, మెడ నరం లేచింది, చెయ్యి కూడా పైకి లేచింది. గొంతు మాత్రం రాలేదు. గాలి. ఆ తర్వాత మళ్లీ కిందికి వచ్చి మాటలు అందుకుంది.

నా బిడ్డ కాబట్టి మెత్తగా చెప్పాలనుకున్నాను. మెత్తగా చెబితే రేపు పదిమందిలో నవ్వులపాలయ్యేది అదే. ఉన్నమాట చెప్పాను.

"కింద మంచిగనే ఉంది బిడ్డా. పైకి పోయినకాడ గొంతు లేదు. ఉత్త గాలి వస్తుంది."

టీచర్ ఆశ్చర్యపోయింది. మరోసారి వినండి సోమలింగం గారూ, అంది. మీరు పుట్టకముందు నుంచి పాటలు వింటున్నానని చెప్పాను. తర్వాత ఆమె స్వరాజ్యం వైపు తిరిగి ఏదో మాట్లాడింది. స్వరాజ్యం నా మీద కోపంగా ఏదో అంది. హారతి నన్నే చూస్తోంది. ఏడవలేదు. "సచ్చీ బాపు?" అని మాత్రం అడిగింది. నిజమే అన్నాను. తల ఊపి లోపలికి పోయింది. దానికి నా మాట మీద అంత గురి.

టీచర్ పోతూ గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంటూ కూడా ఏదో అంది. మర్యాద కోసం నేను సరే అన్నట్టు తల ఊపాను.

6 ఫిబ్రవరి

హారతి పొద్దున పాడలేదు. రోజూ నీళ్లు పట్టేటప్పుడు పాడుతుంది. పరీక్షలు దగ్గరికొచ్చాయి కదా.

12 ఫిబ్రవరి, ఆదివారం

స్వరాజ్యం వారం రోజుల నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడినా గొణుగుతోంది. ఈ రోజు చపాతీలు చేస్తూ ఒక్కసారి తిరిగి, నీకు కుక్కర్ సీటీ ఇనవడదు, తలుపు కొడితే ఇనవడదు, బిడ్డ పాట ఎట్ల ఇనవడ్డది, అని అడిగింది. సీటీకి, పాటకు తేడా తెలియని మనిషితో ఏం వాదిస్తాను.

పాత పాటల కేసెట్ రెండు వైపులా విన్నాను. మగవాళ్ల పాటలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఆడవాళ్ల పాటలు కాలానికి నిలవలేదు. ఒకప్పుడు నేను ఎగబడి విన్న గొంతులే. ఇప్పుడు పలచబడిపోయాయి. చిన్నప్పుడు మనకు ఇష్టమైనవన్నీ గొప్పవి కావు, అంతే.

5 మార్చి, ఆదివారం

ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. పొద్దున మేడ మీదికి పోయి కూర్చున్నాను. ఎదురు వైరు మీద పిచ్చుకలు కూర్చుని ఊరికే ముక్కులు తెరిచి మూస్తున్నాయి. సూరత్ పొగకు వాటికీ గొంతులు పోయినట్టున్నాయి.

26 మార్చి, ఆదివారం

హారతి పరీక్షలు అయిపోయాయి. ఎలా రాశావంటే మంచిగనే అంది. రేపటి నుంచి మా షెడ్డు వెనక నూలు కండెలు చుట్టే గదికి పోతానంది. నర్సవ్వ పని చేసే చోటే. నర్సవ్వ మా గల్లీ ముసలామె, కండెలు చుట్టడంలో ఆమె చేతి వేగం ఎవరికీ లేదు. సెలవులు అయ్యేదాకా చాలు, తర్వాత కాలేజీలో చేరాలి అన్నాను. హారతి చూద్దాం అన్నట్టు భుజాలు కదిపింది. స్వరాజ్యం ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బాగోలేదు.

2 ఏప్రిల్, ఆదివారం

ఉగాది సభ ఈ రోజు జరిగింది. హారతికి బదులు లత అనే పిల్ల పాడింది. లావు గొంతు, స్పష్టం, ఎక్కడా గాలి లేదు. మైకు నాకిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. పాడితే ఇలా పాడాలని చెప్పాను. చప్పట్లు కొట్టారు. హారతి చివర కుర్చీలో కూర్చుంది. అది కూడా కొట్టింది.

వడోదరాకు లతను పంపుతున్నట్టు ప్రసన్న టీచర్ మైకులో చెప్పింది. సభ అయ్యాక ఆమె దగ్గరికి పోయి, హారతి సంగతి మళ్లీ ఒకసారి ఆలోచించి ఉంటే బాగుండేది కదా అన్నాను. ఆమె విచిత్రంగా చూసి, ఆ రోజు గుమ్మం దగ్గర అడిగాను కదా అంది. హారతికి బదులు ఇంకో అమ్మాయిని పంపమంటారా అని అడిగిందట. నేను తల ఊపానట.

నేను ఎందుకు ఊపుతాను? ఊపాను. చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఊపాను. వంగి మాట్లాడితే ఎవరికి వినబడుతుంది? పెద్ద విషయం అలా చెప్పులు వేసుకుంటూ అడుగుతారా?

టీచర్ పోయేటప్పుడు స్వరాజ్యం నా పక్కనే ఉంది, హారతి లోపలి నుంచి మళ్లీ గుమ్మందాకా వచ్చింది. ఆ మాట విన్నారు. నేను తల ఊపడం చూశారు. రెండు నెలలు ఇద్దరూ ఎందుకు ఊపావని నన్ను అడగలేదు.

9 ఏప్రిల్, ఆదివారం

లింగమూర్తి కొత్త కేసెట్ తెచ్చి షాపు వెనక గదిలో జనాన్ని కూర్చోబెట్టి వేశాడు. ఇంగ్లీషువాళ్ల అంతరిక్షం సినిమా, తెలుగు మాటలు పెట్టారు. సైన్స్ కథ కదా అని నన్ను ప్రత్యేకంగా పిలిచాడు. నా అభిప్రాయం కావాలట.

అభిప్రాయం ఇది: డబ్బింగు సినిమాలు తీసేవాళ్లను జైల్లో పెట్టాలి. ఒక్క మాట అర్థమైతే ఒట్టు. రాకెట్టు బాగుంది, చుక్కలు బాగున్నాయి. మనుషులు నోరు తెరిస్తే మాత్రం ఏదో గురగుర. మొదట్నుంచి చివరిదాకా గురగుర. అయినా జనం పగలబడి నవ్వుతున్నారు. కనకయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. కాసేపు నేనూ నవ్వాను, అందరూ నవ్వినప్పుడల్లా. ఆఖరికి లేచి, సౌండు ఖరాబు ఉంది లింగమూర్తీ, కేసెట్ మార్చు, అన్నాను. గదిలో అందరూ నన్ను చూశారు. కనకయ్య నా వైపు తిరిగి, మెల్లగా, షెడ్డులో మాట్లాడినట్టే పెదవులు సాగదీసి చెప్పాడు.

"మంచిగనే ఇనవడుతుంది గద బావా."

తలనొప్పి అని చెప్పి వచ్చేశాను.

10 ఏప్రిల్

ఆ సినిమాలో పెదవులు ఇంగ్లీషు మాట్లాడాయి. నేను వాటినే చూశాను. తెలుగు వేరే దారిలో వచ్చింది, అది నాకు చేరలేదు. అంటే ఇన్నాళ్లూ...

ఈ రోజు షెడ్డులో కనకయ్య అటు తిరిగి ఉన్నప్పుడు అతనితో మాట్లాడటానికి భయం వేసింది. షెడ్డులో అందరికీ అంతేలే అనుకున్నాను. ఇంటికి వచ్చి స్వరాజ్యాన్ని కూర్చోమన్నాను. నేను కళ్లు మూసుకుంటా, నువ్వు ఏదన్నా మాట్లాడు అన్నాను. ఏం మాట్లాడాలె అంది. ఏదన్నా.

కళ్లు మూసుకున్నాను. పక్కింటి మోటారు నడుస్తున్నట్టు ఉంది. మధ్యలో ఆగింది, మళ్లీ వచ్చింది. అది స్వరాజ్యం గొంతు. పెళ్లయిన కొత్తలో పక్క గదిలోంచి గాజుల చప్పుడుతోనే ఆమెను గుర్తుపట్టేవాణ్ణి. కళ్లు తెరిచేసరికి ఏడుస్తోంది. ఏమన్నావని అడిగాను. చెప్పలేదు.

15 ఏప్రిల్, శనివారం

ఆసుపత్రికి పోయాను. డాక్టరు కుర్రవాడు. చెవులకు పెట్టుకోమని రెండు చిప్పలు ఇచ్చి, చప్పుడు వినబడితే వేలెత్తమన్నాడు. చాలాసేపు వేలు ఎత్తలేదు. మిషను పాడైందేమో అనుకున్నాను. తర్వాత ముఖానికి కాగితం అడ్డం పెట్టుకుని హిందీలో ఏదో అడిగాడు. నాకు కాగితం మాత్రమే కనబడింది.

సాంచాల చప్పుడుకు పై స్థాయి చప్పుళ్లు ముందు పోతాయట. వేణువు, గాజులు, పిచ్చుకలు, ఆడపిల్లల గొంతు. తర్వాత మిగిలినవి. పోయింది ఏళ్ల కిందటే, తిరిగి రాదట. చెవిలో మిషను పెట్టుకుంటే కొంత మేలు. పని మానేస్తే మిగిలింది మిగులుతుందట. పని మానేసి ఏం చేయాలో అడిగితే వాచీ చూసుకున్నాడు.

ఇంత చిన్న వయసు డాక్టరుకు ఏం అనుభవం ఉంటుంది.

16 ఏప్రిల్, ఆదివారం

అనుభవం ఉంది. అతను చెప్పింది నిజం.

హారతి పాడిన రోజు ఆ మాటలు నేను విన్నవి కాదు, చూసినవి. ఆలాపన దగ్గర పెదవులు కదలవు. నోరు తెరిచి ఉంటుంది అంతే. నాకు కనబడేది ఏమీ లేదు కాబట్టి గాలి అన్నాను. లత గొంతు లావు కాబట్టి కొంత చేరింది, గొప్పదన్నాను. చెవిటివాణ్ణి మైకు పట్టుకుని పదిమందిలో చెప్పాను. నా బిడ్డ చప్పట్లు కొట్టింది.

హారతి ఇప్పుడు పొద్దంతా నేను చెవులు పోగొట్టుకున్న కప్పు కిందే పని చేస్తోంది.

20 ఏప్రిల్

ఒక పాత సైన్స్ నవల. చనిపోయినవాళ్ల చెవులు తీసి బతికినవాళ్లకు అతికించే డాక్టరు కథ. రెండు పేజీలు చదివి పక్కన పెట్టాను. లింగమూర్తికి తిరిగి ఇచ్చేటప్పుడు ఎట్లుందన్నా అని అడిగాడు. తెలియదన్నాను.

23 ఏప్రిల్, ఆదివారం

చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను. చెప్పకుండా బాగు చేద్దామనుకున్నాను. చెవుల సంగతి ఎత్తకుండానే, నేను మళ్లీ ఆలోచించిన బిడ్డా, నీ గొంతు మంచిగనే ఉంటది, ఆ రోజు నాకు పని అలసట ఉండె, అన్నాను. హారతి బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి లేచి, గడియ పెట్టి వచ్చి, నాకు ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు పాడితే ఇంటవా?"

వింటానన్నాను. అదే పాట. ఈసారి కళ్లు మూసుకోలేదు, నన్నే చూస్తూ పాడింది. ప్రతి మాటా నాకు అందింది. చరణం అయ్యాక నోరు తెరిచింది, మెడ నరం లేచింది, చెయ్యి పైకి పోయింది. ఎక్కడ తల ఊపాలో అక్కడ ఊపాను. కన్నీళ్లు వచ్చాయి, అవి మాత్రం నిజమైనవి. పాట అయ్యాక, పై స్థాయి ఎంత మంచిగ అందుకున్నవు బిడ్డా, అన్నాను.

హారతి నా ముఖానికి దగ్గరగా వచ్చింది. తర్వాత ఒక్కో మాట విడివిడిగా, నాకు అందేలా చెప్పింది.

"నేను పాడలే బాపు. పెదాలు కదిపిన, బస్. గొంతు తియ్యనే లేదు."

స్వరాజ్యం వంటగది గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మ చెప్పింది, నీకు ఇనవడదని. గప్పుడు నేను అమ్మతోని లడాయి పెట్టుకున్న. మా బాపుకు ఇనవడకుంటె ఇంకెవలకు ఇనవడుతదన్న. నీ మాటనే నమ్మిన."

మళ్లీ కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది. అది నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

24 ఏప్రిల్

పనికి పోయాను.

30 ఏప్రిల్, ఆదివారం

ప్రసన్న టీచర్ ఇంటికి పోయి అంతా చెప్పాను. చెవిటివాడినని ఒక మనిషితో నోరు తెరిచి చెప్పడం ఇదే మొదలు. ఆమె నా వైపు తిరిగి కూర్చుని, మెల్లగా మాట్లాడింది. వడోదరాలో చోటు ఇక లేదు, లతను చేర్చుకున్నారు. వచ్చే ఏడు గురువుగారు ఎవరినీ తీసుకోరట, పెద్దవారయ్యారు. అయితే హారతి తనంతట తాను వస్తే ఇక్కడే నేను నేర్పుతాను, మీరు పంపితే కాదు, అంది. ఎందుకో అర్థమైంది.

ఇంటికి వచ్చి హారతికి ఆ మాట చెప్పాను. నాకు పాట మీద మనసు లేదు, కండెల పనే మంచిగుంది అంది. సెలవుల తర్వాత కూడా అక్కడే పోతుందట. కాలేజీ వద్దట. స్వరాజ్యం బతిమాలింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్లకు ఏం చెప్పినా అది నా అభిప్రాయమే అవుతుంది, నా అభిప్రాయాల విలువ దానికి తెలిసిపోయింది.

టేప్ రికార్డర్‌ను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.

4 మే, గురువారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం నా సాంచాలకు కండెలు అయిపోతే తెచ్చుకుందామని వెనక గదికి పోయాను. మామూలుగా అక్కడి ఆడవాళ్లు ముందుకు తెచ్చి ఇస్తారు, నేను పోను. గోడకు అవతల మా సాంచాలు, ఇవతల కండెల మిషన్లు. గుమ్మంలో నిలబడితే నేల అదురు పాదాల్లోకి వస్తుంది. ఆడవాళ్లంతా తలలు వంచి పని చేసుకుంటున్నారు. హారతి చివరి మిషను దగ్గర, గోడ వైపు కొంచెం తిరిగి కూర్చుంది. నర్సవ్వ దాని పక్కనే ఉంది.

హారతి పెదవులు కదులుతున్నాయి.

మాట్లాడుతోందేమో అనుకున్నాను. దాని ఎదురుగా ఎవరూ లేరు. కాస్త పక్కకు జరిగి చూశాను. ఆ పాటే. చరణం మాటలు ఒక్కొక్కటీ తెలిశాయి. గొంతు విప్పి పాడుతోందా, ఆ రోజులాగా ఉత్తగా కదుపుతోందా తెలియలేదు. నర్సవ్వకు సైగ చేసి, పాడుతున్నదా అని పెదవులతో అడిగాను. నర్సవ్వ తన చెవి చూపించి అడ్డంగా చెయ్యి ఊపింది. ఆ చప్పుడులో ఆమెకూ వినబడదు. ఎవరికీ వినబడదు కాబట్టే హారతి అక్కడ పాడుకుంటోంది.

చరణం అయింది. నోరు తెరిచింది. పెదవులు ఆగిపోయాయి. మెడ నరం లేచింది.

మెయిన్ స్విచ్చు గుమ్మం పక్కనే ఉంది, సాంచాలకూ కండెల మిషన్లకూ కలిపి ఒక్కటే. నేను దాన్ని కిందికి లాగేశాను. షెడ్డు మొత్తం ఆగింది. నేల అదురు ఆగింది. నాకు ముందూ ఏమీ లేదు, తర్వాతా ఏమీ లేదు. కానీ గదిలో ఒక్కొక్క తలా లేచింది. ఒక్కొక్క తలా చివరి మిషను వైపు తిరిగింది. నర్సవ్వ చేతిలో కండె పట్టుకుని అలాగే ఉండిపోయింది. గోడ అవతల నుంచి కనకయ్య, ఇంకో ఇద్దరు సాంచా పనివాళ్లు కరెంటు ఏమైందో చూడటానికి వచ్చి, గుమ్మంలో నా వెనకే ఆగిపోయారు. కనకయ్య నా భుజం పట్టుకున్నాడు.

హారతికి ముందు తెలియలేదు. నోరు తెరిచే ఉంది. తర్వాత అందరినీ చూసింది. నోరు మూసుకుంది. నా చెయ్యి స్విచ్చు మీద ఉండటం చూసింది.

షెడ్డు సేఠ్ తన గదిలోంచి అరుస్తూ వస్తున్నాడని అందరి ముఖాలు చూస్తే తెలిసింది. నేను కదల్లేదు. హారతి కూడా కదల్లేదు. అంత దూరం నుంచి గొంతు లేకుండా, నాకొక్కడికే తెలిసేలా అడిగింది.

"ఇన్నవా?"

తల ఊపడం నాకు బాగా అలవాటు. ఊపలేదు.

"ఇనలే బిడ్డా" అన్నాను. "నాకు ఇనవడలే."

గట్టిగానే అని ఉంటాను, అందరూ నా వైపు తిరిగారు. హారతి అప్పుడు లేచింది. ఒళ్లో పడ్డ దారపు తుక్కు దులుపుకుని, చేతిలోని కండె నర్సవ్వకు ఇచ్చి, సేఠ్‌ను దాటుకుని, నా వెంట బయటికి వచ్చింది.